ఈ-మెయిల్ ఇల్లు మారేటప్పుడు...



ఇల్లు మారడమంటే ఏమిటో మన ఆడవాళ్ళకు ఒకరు చెప్పనక్కరలేదు. మగవాళ్ళు లారీ మాట్లాడి వస్తారు, అంతే! ఏ డబ్బాలో ఏముందో, ఊరగాయ జాడీని ఏ గుడ్డలో చుట్టాలో, పిల్లల సర్టిఫికెట్లు ఏ పెట్టె అడుగున ఉన్నాయో గుర్తు పెట్టుకునేది మనమే. ఈ వారం నేను చెప్పబోయేదీ ఇల్లు మారడం గురించే. కాకపోతే ఇందులో సామాన్లకు బదులు ఉత్తరాలు. అంటే ఒక కంపెనీ దగ్గర ఉన్న ఈ-మెయిల్ ఉత్తరాలను, వాటిని సర్దిపెట్టుకున్న ఫోల్డర్లతో సహా, ఇంకో కంపెనీ సర్వరులోకి చేర్చడం.

"మనకెందుకమ్మా ఈ గోల, అది పిల్లలు చూసుకుంటారు" అంటారా? ఒక్కసారి ఆలోచించండి. గ్యాసు బుకింగు, కరెంటు బిల్లు, ఎల్.ఐ.సి. రసీదు, పిల్లల కాలేజీ ఫీజు, బ్యాంకు వాళ్ళ లెక్క, ఆస్పత్రి రిపోర్టులు... ఇవన్నీ ఇప్పుడు మెయిల్లోనే వస్తున్నాయి. వెనకటికి ట్రంకు పెట్టెలో దాచుకున్న కాగితాలన్నీ ఇప్పుడు అక్కడే ఉంటున్నాయి. ట్రంకు పెట్టె తాళంచెవి మన దగ్గర ఉన్నప్పుడు దీని తాళంచెవి మాత్రం ఎందుకు ఉండకూడదు?

ఎందుకు మారాల్సి వస్తుంది?

కారణాలు చాలా ఉంటాయి. పిల్లలకు కాలేజీ వాళ్ళిచ్చిన మెయిలు చదువయ్యాక మూతపడుతుంది. ఉద్యోగం మానితే ఆఫీసు మెయిలు పోతుంది. ఉచితంగా ఇచ్చే చోటు నిండిపోతుంది. జీమెయిల్ వాళ్ళు ఉచితంగా ఇచ్చేది 15 జీబీ. అందులోనే ఉత్తరాలు, ఫోటోలు, డ్రైవులో పెట్టిన కాగితాలు అన్నీ సర్దుకోవాలి. యాహూ వాళ్ళయితే ఉచితంగా ఇస్తున్న 1 టీబీ చోటును 2025లో 20 జీబీకి తగ్గించేశారు. గూగుల్ ఖాతాను రెండేళ్ళు ముట్టుకోకుండా వదిలేస్తే తీసేసే పద్ధతి కూడా 2023 డిసెంబరు నుంచి మొదలైంది. అద్దె ఇల్లు కదండీ! ఇంటివాళ్ళు ఎప్పుడు ఏ నియమం పెడతారో మన చేతిలో లేదు.

పెద్దవాళ్ళకూ ఈ అవస్థ తప్పలేదు. మన కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల మెయిళ్ళు ఎన్.ఐ.సి. వాళ్ళ దగ్గర ఉండేవి. సుమారు 12 లక్షల మంది మెయిళ్ళను చెన్నైకి చెందిన జోహో కంపెనీ ఏర్పాటులోకి మార్చినట్టు 2025 అక్టోబరులో పేపర్లలో చదివాం. ఇందులో గమనించాల్సిన విషయం ఒకటుంది. ఉత్తరాలున్న ఇల్లు మారింది గానీ చిరునామా మారలేదు. ఎన్.ఐ.సి. డాట్ ఇన్, గవ్ డాట్ ఇన్ అనేవి అలాగే ఉన్నాయి. 2011 జనవరి నుంచి దేశమంతటా మనం ఫోను నంబరు మార్చకుండానే కంపెనీ మార్చుకుంటున్నాం చూడండి, అలాగన్నమాట.

అయితే ఈ సౌకర్యం సొంత పేరు కొనుక్కున్న వాళ్ళకే. జీమెయిల్ అనో యాహూ అనో ఉన్న చిరునామాను ఇంకో కంపెనీకి తీసుకెళ్ళలేం. ఉత్తరాలు తీసుకెళ్ళవచ్చు, చిరునామా మాత్రం కొత్తది పెట్టుకోవాల్సిందే.

సమయానికి మార్చుకోకపోతే ఏమవుతుందో కూడా చూశాం. యాహూ గ్రూప్స్ అని ఉండేవి. అమెరికాలో ఉన్నవాళ్ళు, ఇక్కడున్నవాళ్ళు కలిసి 'రచ్చబండ' లాంటి గుంపుల్లో తెలుగు సాహిత్యం గురించి ఏళ్ళ తరబడి వాదించుకున్నారు. 2019 డిసెంబరులో వాటిలో దాచిన సరుకును తీసేయడం మొదలుపెట్టి, 2020 డిసెంబరు 15న మొత్తం మూసేశారు. ముందే దించుకున్న వాళ్ళకు మిగిలింది, రేపు చూద్దాంలే అనుకున్న వాళ్ళకు పోయింది.

మా ఆడపడుచు పెట్టె

ధర్మవరంలో మా ఆడపడుచు పట్టుచీరల వ్యాపారం చేస్తుంది. ఆయన ఉన్నప్పుడు మగ్గాల పని, అంచుల డిజైన్లు, బయటి ఊళ్ళ ఆర్డర్లు అన్నీ ఆయనే చూసుకునేవాడు. సొంత పేరుతో ఒక మెయిలు పెట్టి, చిన్న కంపెనీ ఒకదానికి ఏడాదికింత అని అద్దె కట్టేవాడు. ఆయన పోయి నాలుగేళ్ళయింది. వ్యాపారం ఈమె మీద పడింది. ఈమె నెట్టుకొచ్చింది కూడా.

పోయిన ఏడాది ఆ కంపెనీ వాళ్ళు ముప్పై రోజుల్లో మెయిలు పని ఆపేస్తున్నామని రెండు లైన్ల ఉత్తరం పంపి ఊరుకున్నారు. ఫోను చేస్తే ఎత్తేవాళ్ళు లేరు. అందులో పద్నాలుగు ఫోల్డర్లు, తొమ్మిది వేలకు పైగా ఉత్తరాలు! "బాకీలు" అని ఒక ఫోల్డరు. ఎవరు ఎంత అడ్వాన్సు ఇచ్చారు, ఎవరు ఎంత ఇవ్వాలి అన్నదానికి ఆ ఉత్తరాలే సాక్ష్యం. "అంచులు" అని ఇంకో ఫోల్డరు. ఆయన నేతగాళ్ళకు పంపిన డిజైన్ల ఫోటోలు, కింద "ఈ జరీ కొంచెం తగ్గించు", "కొంగులో హంసలు రెండే చాలు" అని రాసిన మాటలు. ఒకటి పోతే డబ్బు పోతుంది. రెండోది పోతే మళ్ళీ ఎక్కడ తెస్తాం?

"వదినా, బాకీలు నేను నోటితోనైనా అడుక్కుంటాను, ఆ అంచులు మాత్రం పోకూడదు" అంది. ఇంటర్ చదివిన నేను, పదో తరగతి చదివిన ఆమె, మా చిన్నవాడు, ముగ్గురం కూర్చుని ఆరు రాత్రుల్లో అన్నీ మార్చాం. ఒక్క ఉత్తరం తగ్గలేదు. ఎలా చేశామో మీకూ చెప్తాను. బ్రహ్మవిద్యేం కాదు సుమా!

బిందె నీళ్ళు, కుళాయి నీళ్ళు

ముందు రెండు పేర్లు తెలుసుకోవాలి. పాప్, ఐమాప్. ఉత్తరాలను సర్వరు నుంచి మన కంప్యూటరుకు తెచ్చే పద్ధతులివి.

మన అనంతపురం ఆడవాళ్ళకు ఇది నీళ్ళతో చెప్తే ఇట్టే అర్థమవుతుంది. పాప్ అంటే బావి నుంచి బిందెతో తోడి తెచ్చుకోవడం. తెచ్చిన నీళ్ళు మన ఇంట్లో ఉంటాయి, బావిలో ఆ మేరకు తగ్గుతాయి. పైగా బావిలోని పెద్ద గంగాళాన్నే తోడగలం, అంటే ఇన్‌బాక్సును మాత్రమే. మనం సర్దుకున్న ఫోల్డర్లు దానికి కనిపించవు. ఐమాప్ అంటే ఊరి ట్యాంకు, ఇంటింటికీ కుళాయి. 1995-96లో సత్యసాయి మంచినీటి పథకం వచ్చాక జిల్లాలో ఏడు వందలకు పైగా ఊళ్ళకు పైపుల్లో నీళ్ళు వచ్చాయి కదా, అలాగ. నీళ్ళు ట్యాంకులోనే ఉంటాయి. ఏ కుళాయి తిప్పినా అవే నీళ్ళు. ఫోనులో చూసినా, కంప్యూటరులో చూసినా అవే ఉత్తరాలు, అవే ఫోల్డర్లు.

ఈ ఐమాప్‌ను 1986లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న మార్క్ క్రిస్పిన్ అనే ఆయన తయారుచేశాడు. ఫోల్డర్లతో సహా మారాలంటే మనకు కావాల్సింది ఇదే. పాత చోట, కొత్త చోట రెండింటిలోనూ ఐమాప్ ఉందా అని ముందు చూసుకోండి. జీమెయిల్లో 2025 జనవరి నుంచి అది ఎప్పుడూ తెరిచే ఉంటుంది. కొన్నిచోట్ల సెట్టింగులలోకి వెళ్ళి మనమే తెరవాలి.

మార్చే విధానం

కావాల్సినవి: ఒక కంప్యూటరు (ఫోనుతో ఈ పని కుదరదు), ఇంటర్నెట్, రెండు మెయిళ్ళ పాస్‌వర్డ్లు, ఒక నోటు పుస్తకం, ఓపిక.

1. మొదట లెక్క రాయండి. పాత మెయిల్లో ఎన్ని ఫోల్డర్లున్నాయి, ఒక్కో దాంట్లో ఎన్ని ఉత్తరాలున్నాయి అని నోటు పుస్తకంలో రెండు గళ్ళు గీసి రాసుకోండి. చాకలి పద్దు రాసినట్టే. ఈ పద్దు లేకపోతే చివర్లో ఏది వచ్చిందో ఏది రాలేదో తేలదు.

2. పనికిరానివి ఏరేయండి. ఇల్లు మారేటప్పుడు పగిలిన ప్లాస్టిక్ బకెట్లు మోసుకెళ్ళం కదా! ప్రకటనలు, స్పామ్, చెత్తబుట్ట ఖాళీ చేయండి. మా ఆడపడుచు పెట్టెలో దీనితోనే మూడో వంతు తగ్గింది.

3. కంప్యూటరులో థండర్‌బర్డ్ అనే ప్రోగ్రాము పెట్టుకోండి. మొజిల్లా వాళ్ళది, 2004 నుంచి ఉంది, ఉచితం. అందులో పాత మెయిలు, కొత్త మెయిలు రెండూ చేర్చండి. ఐమాప్, పాప్ అని రెండు అడిగితే ఐమాప్ ఎంచుకోండి. జీమెయిల్, యాహూ, అవుట్‌లుక్ లాంటివైతే వాటి సొంత కిటికీ తెరుచుకుని అక్కడే పాస్‌వర్డ్ అడుగుతుంది. ఇప్పుడు ఎడమ పక్కన రెండు ఇళ్ళూ ఒకదాని కింద ఒకటి కనిపిస్తాయి.

4. కొన్ని ఫోల్డర్లు కనిపించకపోతే కంగారు పడకండి. ఖాతా పేరు మీద కుడి బటను నొక్కితే "సబ్‌స్క్రైబ్" అని ఉంటుంది. అక్కడ అన్నింటికీ టిక్కు పెడితే బయటికొస్తాయి. అటక మీద సామాన్లు మరిచిపోయేది ఇక్కడే!

5. కొత్త ఇంట్లో అవే పేర్లతో ఖాళీ ఫోల్డర్లు చేసుకోండి. పాత చోట ఒక ఫోల్డరు తెరిచి, రెండు మూడు వందల ఉత్తరాలు ఎంచుకుని, కుడి బటను నొక్కి "కాపీ టు" అని కొత్త ఫోల్డరు చూపించండి. "మూవ్" అనేది అసలు ముట్టుకోవద్దు. మూవ్ అంటే అక్కడ తీసేసి ఇక్కడ పెట్టడం. కాపీ అంటే అక్కడ ఉంచి ఇక్కడ ఇంకోటి పెట్టడం. మౌసుతో పట్టి లాగడం కన్నా ఇలా చెప్పి చేయడమే నయం, ఏది జరిగిందో అనుమానం ఉండదు.

6. మొత్తం ఒకేసారి వేయకండి. మన దగ్గర కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. మధ్యలో ఆగి మళ్ళీ మొదటినుంచీ వేస్తే ఒక్కో ఉత్తరం రెండేసి అవుతుంది. కొద్దికొద్దిగా వేస్తే ఎక్కడ ఆగామో తెలుస్తుంది. అయిన ఫోల్డరు ఎదుట పుస్తకంలో టిక్కు పెట్టండి.

7. అయిపోయాక రెండు గళ్ళూ పోల్చండి. సంఖ్య సరిపోవాలి. ఆ తరువాత ఒక్కో ఫోల్డరులో అన్నిటికన్నా పాత ఉత్తరం, అన్నిటికన్నా కొత్తది, ఫోటో ఉన్నది ఒకటి, తెలుగులో రాసింది ఒకటి తెరిచి చూడండి. నాలుగు మెతుకులు పట్టి చూస్తే అన్నం ఉడికిందో లేదో తెలిసిపోతుంది.

ఇంటర్నెట్ ఎంత ఖర్చవుతుంది?

ఉత్తరాలు పాత సర్వరు నుంచి మన కంప్యూటరుకు దిగి, మళ్ళీ ఇక్కడినుంచి కొత్త సర్వరుకు ఎక్కుతాయి. అంటే డేటా రెండింతలు అవుతుందన్నమాట. మా ఆడపడుచు ఉత్తరాలు మూడున్నర జీబీ. రానూపోనూ ఏడు జీబీ. రోజుకు ఒకటిన్నర జీబీ ఇచ్చే ఫోను ప్యాకుతో చేస్తే ఐదు రోజుల పని. పైగా కొన్ని కంపెనీలు రోజుకు ఇంతకన్నా ఎక్కించకూడదని హద్దు పెడతాయి. అది దాటితే ఆ రోజుకు ఆపేస్తాయి. మర్నాడు మళ్ళీ మామూలే. అందుకే చివరి రోజుదాకా ఉంచుకోకూడదు.

మీ ఇంట్లో కంప్యూటరు బాగా తెలిసిన పిల్లలుంటే ఐమాప్‌సింక్ అనే పనిముట్టు గురించి చెప్పండి. అది రెండు వైపులా పోల్చి, అవతల లేని ఉత్తరాలనే చేరుస్తుంది. మధ్యలో ఆగినా మళ్ళీ నడిపితే ఆగిన చోటు నుంచి అందుకుంటుంది. వేల ఉత్తరాలున్న వాళ్ళకు అదే మేలు.

వచ్చే చిక్కులు

ఒకే ఉత్తరం మూడు సార్లు: జీమెయిల్లో ఉన్నవి నిజానికి ఫోల్డర్లు కావు, లేబుళ్ళు. ఒకే ఆడమనిషిని ఒకరు వదినా అని, ఒకరు పిన్నీ అని, ఒకరు అత్తా అని పిలుస్తారు. పిలుపులు లెక్కపెట్టి విస్తళ్ళు వేస్తే మూడు విస్తళ్ళు, తినేది ఒక్కరే! అలాగే మూడు లేబుళ్ళున్న ఉత్తరం, కాపీ చేస్తే మూడు ఉత్తరాలుగా దిగుతుంది. "ఆల్ మెయిల్" అనే దాంట్లో మళ్ళీ ఇంకోసారి ఉంటుంది. జీమెయిల్ నుంచి బయటికి వెళ్ళేవాళ్ళు లేబుళ్ళను విడివిడిగా తీసుకుంటే, ఆల్ మెయిల్‌ను మొత్తంగా కాపీ చేయకండి. ఏ లేబుల్ లేనివి మాత్రం అందులోంచి ఏరుకోండి.

తెలుగు పేర్ల ఫోల్డర్లు: ఐమాప్ పుట్టింది ఇంగ్లీషు అక్షరాల కోసం. తెలుగు పేరును అది లోపల ఒక సంకేతంగా మార్చి రాసుకుంటుంది. మా "బాకీలు" ఫోల్డరు ఒక చోట అండ్ గుర్తుతో మొదలై, డి అక్షరం, దాని వెనక అర్థంపర్థం లేని అక్షరాల వరుసలాగా కనిపించింది. అందులో ఉత్తరాలు మాత్రం భేషుగ్గా ఉన్నాయి. ఫోల్డరు పాడైందనుకుని తీసేయకండి. మారేముందు పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్చుకుంటే ఈ గొడవే ఉండదు. మారాక మళ్ళీ తెలుగు పెట్టుకోవచ్చు.

పాత తెలుగు ఉత్తరాలు: ఇరవై ఏళ్ళ కిందటి తెలుగు ఉత్తరాలు కొన్ని పిచ్చి గుర్తుల్లాగా కనిపిస్తాయి. అది మార్చడంలో వచ్చిన లోపం కాదు. ఆ రోజుల్లో ఒక్కొక్కరు ఒక్కో ఫాంటు వాడారు, ఆ ఫాంటు లేకపోతే చదవలేం. ఇంకొందరు అమెరికాలో రైస్ విశ్వవిద్యాలయంలోని తెలుగువాళ్ళు తయారుచేసిన ఆర్టీఎస్ పద్ధతిలో తెలుగును ఇంగ్లీషు అక్షరాలతో రాశారు. వాటిని మాత్రం ఇప్పటికీ హాయిగా చదువుకోవచ్చు.

పంపిన ఉత్తరాలు: ఒకచోట "సెంట్" అని, ఇంకోచోట "సెంట్ ఐటమ్స్" అని, మరోచోట "సెంట్ మెయిల్" అని ఉంటుంది. చాలామంది వచ్చినవి మార్చుకుని, పంపినవి వదిలేస్తారు. మనం ఎవరికి ఏం మాటిచ్చామో ఉండేది వాటిలోనే!

చిరునామాల పుస్తకం: ఐమాప్ ఉత్తరాలను మాత్రమే మోస్తుంది. మనవాళ్ళ మెయిలు చిరునామాలు, క్యాలెండరులో రాసుకున్న తేదీలు దానితో రావు. వాటిని "ఎక్స్‌పోర్ట్" అని విడిగా దించుకుని కొత్తచోట "ఇంపోర్ట్" చేయాలి.

పెద్ద ఉత్తరాలు: ఫోటోలెక్కువగా ఉన్న ఉత్తరాన్ని కొత్త సర్వరు ఒక్కోసారి తిప్పికొడుతుంది. ఆ ఫోటోలను కంప్యూటరులోకి దించి పెట్టుకోండి. "అంచులు" ఫోల్డరులో అలాంటివి పదకొండు తేలాయి. వాటిని పెన్‌డ్రైవులో భద్రం చేశాం.

తాళం తొందరపడి ఇవ్వకండి

కొత్తచోట అంతా చేరిందని తేలాక కూడా పాత మెయిలును కనీసం మూడు నాలుగు నెలలు ఉంచుకోండి, ఉంచుకునే వీలుంటే. పాతచోటికి వచ్చే ఉత్తరాలు కొత్తచోటికి పంపేలా "ఫార్వర్డ్" పెట్టండి. ఆ నెలల్లో ఏయే ఉత్తరం పాత చిరునామాకు వస్తోందో చూస్తే, ఎవరికి కొత్తది చెప్పలేదో తెలుస్తుంది. అన్నిటికన్నా ముందు చెప్పాల్సింది బ్యాంకుకు, ఎల్.ఐ.సి.కి, పి.ఎఫ్. వాళ్ళకు, ఆదాయపు పన్ను వాళ్ళకు, గ్యాసు ఏజెన్సీకి, పిల్లల కాలేజీకి. పాస్‌వర్డ్ మరిచిపోతే కొత్తది వచ్చేది ఈ చిరునామాకే కాబట్టి, ఇక్కడ అశ్రద్ధ పనికిరాదు.

ఇంకో కాపీ ఇంట్లోనూ ఉంచుకోండి. థండర్‌బర్డ్‌లో "లోకల్ ఫోల్డర్స్" అని ఉంటుంది. ముఖ్యమైనవి అందులోకి కాపీ చేస్తే అవి మన కంప్యూటరులోనే ఉంటాయి. ఏ కంపెనీ మూతపడ్డా మనకు చింత లేదు. చెనిక్కాయలు మొత్తం అమ్మేసి విత్తనానికి ఇంకొకరి ఇంటికి వెళ్ళే రైతు లేడు కదా!

మోసగాళ్ళతో జాగ్రత్త. "మీ మెయిలు రేపు మూసేస్తున్నాం, మార్చుకోవడానికి ఇక్కడ నొక్కి పాస్‌వర్డ్ కొట్టండి" అని దొంగ ఉత్తరాలు వస్తాయి. అలాంటి లింకు నొక్కవద్దు. ఆ కంపెనీ సైటుకు మనమే స్వయంగా వెళ్ళి చూసుకోవాలి. ఓ.టి.పి. ఎవరికీ చెప్పకూడదు. డబ్బు పోయిందంటే వెంటనే 1930 నంబరుకు ఫోను చేయండి, ఎంత త్వరగా చేస్తే అంత మంచిది.

సొంత పేరు ఉంటే...

చీరలు, పచ్చళ్ళు, టైలరింగు లాంటి చిన్న వ్యాపారం చేసే అక్కచెల్లెళ్ళకు ఒక మాట. సొంత పేరు, అంటే డొమైన్, ఒకటి కొనుక్కోండి. పేరు ఒకరి దగ్గర, మెయిలు ఇంకొకరి దగ్గర ఉంచితే, మెయిలు కంపెనీ చెడ్డదైనా పేరు మనదగ్గరే ఉంటుంది. మా ఆడపడుచు చిరునామా ఈనాటికీ అదే. ఆయన ఉన్నప్పుడు ఏదో, ఇప్పుడూ అదే. ఎక్కడెక్కడి వాళ్ళో పాత చిరునామాకే ఆర్డర్లు రాస్తున్నారు, అవి కొత్త సర్వరుకు చక్కగా వచ్చి చేరుతున్నాయి. కానీ పేరుకు ఏటా కట్టాల్సిన రుసుము తేదీని క్యాలెండరు మీద ఎర్ర సిరాతో రాసుకోండి. తప్పితే ఆ పేరును ఇంకొకరు కొనేసుకోవచ్చు.

పోయిన శ్రావణమాసంలో ఆమె "అంచులు" ఫోల్డరు తెరిచి, ఆయన గీయించిన ఒక పాత డిజైను తీసి మళ్ళీ మగ్గం మీద వేయించింది. హంసలు రెండే. ఆ రకం ఆరు చీరలు నేయిస్తే ఆరూ అమ్ముడుపోయాయి. "బాకీలు" ఫోల్డరులోని ఉత్తరాలు చూపించి రెండు పాత బాకీలు కూడా వసూలు చేసింది.

ఈ వారం తీరిక చూసుకుని మీ ఇంట్లో ఎవరెవరి మెయిళ్ళు ఎక్కడున్నాయో, వాటి పాస్‌వర్డ్లు ఎవరికి తెలుసో ఒక్కసారి అడిగి రాసి పెట్టుకోండి. ఆ పుస్తకం నగలతో పాటు బీరువాలో ఉండాలి. మార్చే పని తరువాత ఎప్పుడైనా చేసుకోవచ్చు.

వచ్చే వారం ఫోను నిండా పేరుకుపోయిన ఫోటోలను ఏరి, సర్ది, భద్రపరుచుకోవడం ఎలాగో చూద్దాం. అంతవరకూ సెలవు.